రాయి ఎవరి మీదికి?
‘అంకుర్’ నుంచి ‘ఫాండ్రీ’ దాకా వెండితెర చూపు

ఒక సినిమాలో కులం ఎక్కడుంటుంది అని అడిగితే మనలో చాలామంది కథలో ఉంటుందంటారు. మాటల్లో ఉంటుందంటారు. దళిత పాత్ర ఉందా లేదా, ఉంటే గెలిచిందా ఓడిందా, చివరికి చచ్చిపోయిందా అని లెక్క చూస్తారు. ఈ లెక్క అవసరమే, కానీ సరిపోదు. సినిమా అంటే మొదట చూపు. కెమెరా ఎక్కడ నిలబడింది, ఎవరి భుజం మీంచి చూస్తోంది, ఎవరి మొహం దగ్గర ఆగింది, ఎవరి మొహాన్ని దాటేసి వెళ్లిపోయింది, ఎవరి గొంతు వినిపించింది, ఎవరి గొంతు నొక్కేసింది – ఇవన్నీ కులం చేసే పనులే. వాడ ఊరికి ఏ దిక్కున ఉండాలో ఊరు నిర్ణయించినట్టే, తెర మీద ఎవరు ఏ మూలన ఉండాలో కూడా ఎవరో ఒకరు నిర్ణయిస్తారు. ఆ నిర్ణయాల చరిత్ర రాసుకోకుండా సినిమా చరిత్ర రాసుకున్నామంటే అది హీరోల చరిత్రే అవుతుంది.

ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు. కొన్నేళ్ల కింద ఒక హాస్టల్లో ‘ఫాండ్రీ’ వేశాం. అంబేడ్కర్ జయంతి వారం. గోడకు తెల్ల దుప్పటి కట్టి, అడిగి తెచ్చుకున్న ప్రొజెక్టర్ పెట్టి, అరవై డెబ్భై మంది పిల్లల్ని కూర్చోబెట్టాం. మరాఠీ మాటలు అర్థం కావు కాబట్టి మధ్యమధ్యలో నేనే తెలుగులో చెప్తూ ఉన్నా. చివర్లో పంది పట్టే ఘట్టం వచ్చింది. తెర మీద బడిపిల్లలు నవ్వుతున్నారు. దుప్పటి ముందు కూర్చున్న మా పిల్లలూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య వెనక వరసలోంచి ఇంటర్ చదివే ఒక అబ్బాయి లేచి బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. మర్నాడు పొద్దున పిలిచి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “మా నాయిన పందులు పడ్తడు సార్. ఈళ్లెవ్వరికీ తెల్వదు. ఇప్పుడు తెలుస్తదేమోనని లేచొచ్చిన.”

నవ్విన పిల్లల్లో మాలలున్నారు, మాదిగలున్నారు, లంబాడీలున్నారు, బీసీలున్నారు. అగ్రకులాల పిల్లలు ఆ హాస్టల్లో లేనే లేరు. అంటే ఆ నవ్వు బయటినుంచి వచ్చింది కాదు. ఈ వ్యాసం ఆ నవ్వు దగ్గర మొదలైంది.

రెండు సినిమాలు తీసుకుంటున్నాను. ఒకటి 1974లో శ్యామ్ బెనెగల్ తీసిన ‘అంకుర్’. రెండోది 2013లో నాగరాజ్ మంజుళే తీసిన ‘ఫాండ్రీ’. మధ్యలో 39 ఏళ్లు. రెండింటికీ ఒక పోలిక ఉంది. రెండూ దర్శకుల మొదటి పెద్ద సినిమాలు. రెండూ ఒక పిల్లవాడు రాయి విసరడంతో ముగుస్తాయి. అయితే ఒక రాయి భూస్వామి కిటికీకి తగిలింది. రెండో రాయి నేరుగా మన మొహం మీదికొచ్చింది. ఈ తేడా ఎట్లా వచ్చిందన్నదే ఇక్కడ చర్చ. అయితే దానికంటే ముందు మన తెలుగు గడప దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

సంస్కర్త చూపు

1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశాడు. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి, మాలపిల్ల శంపాలతగా వేసింది కాంచనమాల. సారథి ఫిలిమ్స్ వెనకున్న డబ్బు చల్లపల్లి జమీందారుది. ఆ పేరు పెట్టి ఆ రోజుల్లో సినిమా తీయడం చిన్న సాహసం కాదు, దాన్ని తక్కువ చేయక్కర్లేదు. 1932 పూనా ఒడంబడిక, 1933–34లో గాంధీ హరిజన యాత్ర, 1936లో తిరువాన్కూరు ఆలయ ప్రవేశ ప్రకటన – ఈ గాలిలో పుట్టిన సినిమా అది.

అయితే దాని చూపు ఎవరిది? గుడి తలుపు తెరవమని అడిగే సంస్కర్తది. ఆ చూపులో మాలపిల్ల ప్రేమకు తగినది కావాలంటే ముందు ఊరు దాటాలి, కలకత్తా వెళ్లాలి, చదువుకోవాలి, కట్టూ బొట్టూ మారాలి. అంటే వాడలో ఉన్న మనిషి వాడలో ఉన్నట్టే గౌరవానికి అర్హురాలు కాదన్నమాట. 1936లోనే అంబేడ్కర్ ‘కులనిర్మూలన’ అచ్చువేసి, అసలు జబ్బు శాస్త్రాల్లో ఉందని చెప్పాడు. రెండేళ్ల తర్వాత వచ్చిన మన సినిమా శాస్త్రిగారి మనసు మారితే చాలనుకుంది. కథ మొత్తం శాస్త్రి కళ్లు తెరిపించే కథ. మాలపిల్ల కళ్లకు ఏం కనిపించిందో ఆ సినిమా అడగలేదు.

ఇది ఒక దశ. దీన్ని సంస్కర్త చూపు అందాం. తర్వాత మూడు నాలుగు దశాబ్దాల పాటు తెలుగు తెర మీద దళితుడు పాలేరు అయ్యాడు, నమ్మినబంటు అయ్యాడు, దొరకోసం ప్రాణమిచ్చేవాడయ్యాడు. ఆ జాబితా విప్పితే ఆగదు కాబట్టి దాటేద్దాం.

కిష్టయ్య ఎందుకు మూగవాడు?

‘అంకుర్’ మన నేల మీది కథ. బెనెగల్ 1934లో సికింద్రాబాదు దగ్గర తిరుమలగిరిలో పుట్టినవాడు. పాత్రలు దక్కనీ యాసలో మాట్లాడతాయి. బొంబాయి స్టూడియో వదిలిపెట్టి నిజమైన పల్లెలో, నిజమైన ఎండలో తీసిన సినిమా. కెమెరా గోవింద్ నిహలానిది. ఆ వెలుతురూ, ఆ పొలాలూ, దొర బంగళా వరండా – వీటిని అప్పటిదాకా హిందీ సినిమా అట్లా చూడలేదు.

కథ చాలామందికి తెలిసిందే. పట్నంలో చదువుకున్న సూర్య తండ్రి మాట కాదనలేక ఊరికొచ్చి భూమి చూసుకుంటాడు. లక్ష్మి ఆ ఇంట్లో పనిచేస్తుంది. ఆమె భర్త కిష్టయ్య కుండలు చేసేవాడు. అల్యూమినియం గిన్నెలొచ్చాక కుండలు కొనేవాళ్లు లేరు. తాగుడుకు అలవాటు పడ్డాడు. పుట్టుమూగ, చెవిటి. కల్లు దొంగిలించాడని గుండు కొట్టించి గాడిద మీద ఊరేగిస్తారు. అవమానం తట్టుకోలేక ఊరొదిలిపోతాడు. సూర్య లక్ష్మితో ఉంటాడు, ఆమె గర్భవతి కాగానే భయపడతాడు. పెళ్లాం కాపురానికొస్తుంది. లక్ష్మి వీధిన పడుతుంది. చివరికి తిరిగొచ్చిన కిష్టయ్య పని అడుగుదామని కర్ర పట్టుకుని సంబరంగా వస్తుంటే, తనను కొట్టడానికే వస్తున్నాడనుకుని సూర్య అతన్ని చితకబాదుతాడు. అడ్డం పడ్డ లక్ష్మి దొరను శాపనార్థాలు పెడుతుంది. అందరూ వెళ్లిపోయాక ఒక పిల్లవాడు బంగళా కిటికీకి రాయి విసిరి పరుగెత్తుతాడు. తెర ఎర్రబడుతుంది. సినిమా అయిపోతుంది.

ఇందులో మెచ్చుకోవాల్సింది చాలా ఉంది. సూర్య “నాకు కులపట్టింపు లేదు” అని లక్ష్మి చేతి టీ తాగుతాడు. ఆ అభ్యుదయం ఎంతవరకు? పడక దాకా. బిడ్డ దాకా రాదు, భూమి దాకా అసలే రాదు. సూర్య తండ్రి ఉంచుకున్న కౌసల్యకు కనీసం కొంత భూమి రాసిచ్చాడు. చదువుకున్న కొడుకు ఆ భూమికి పోయే నీళ్లు ఆపేస్తాడు. కొత్తతరం దొర పాతదొర కంటే పిసినారి అని రెండు కథలను పక్కపక్కన పెట్టి చెప్పడం దర్శకుడి తెలివి. భాషణం ఇవ్వకుండా చెప్పాడు.

కానీ రెండు ప్రశ్నలు మిగులుతాయి.

మొదటిది: లక్ష్మిది ఏ కులం? దీని మీద రాసినవాళ్లు చాలామంది ‘దళిత స్త్రీ’ అని రాసేస్తారు. కానీ సినిమాలో వాళ్లది కుండలు చేసే ఇల్లు. మన తెలంగాణ ఊళ్లో కుమ్మరికీ మాలమాదిగలకూ మధ్య ఎంత దూరముందో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు. కుమ్మరి కుండ అందరిళ్లకూ పోతుంది, బావి దగ్గర ఆపేవాళ్లుండరు. మరి ఈ కలగాపులగం ఎందుకు? పట్నం ప్రేక్షకుడికీ, విమర్శకుడికీ ‘కింది కులం’ అన్న ఒక్క మాట చాలు కాబట్టి. కులం ఒక నిచ్చెన అని, ప్రతి మెట్టు మీదా ఒకడు కూర్చుని కింది మెట్టును తొక్కుతుంటాడని అంబేడ్కర్ చెప్పిన మాట ఆ చూపులో పట్టదు. దొర, కూలి – రెండే కనిపిస్తాయి. అది ఆనాటి వామపక్ష చూపు. 1980లో విడుదలైన గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ కూడా ఎంత గొప్పదైనా ఈ హద్దు దాటలేదు.

రెండోది: కిష్టయ్య ఎందుకు మూగవాడు? కథలో అవసరం ఉందనొచ్చు. అతను తన ఆనందం నోటితో చెప్పగలిగితే సూర్య పొరబాటు పడడు, ఆ దెబ్బలు ఉండవు. నిజమే. కానీ ఒక సినిమా పీడితుడైన మగవాణ్ణి మూగవాడిగా, చెవిటివాడిగా, తాగుబోతుగా కల్పించుకుంటే ఆ కల్పనకో అర్థముంటుంది. మాట్లాడేవాడు ఎక్కడో బయట ఉన్నాడని అర్థం. కిష్టయ్య పాత్ర వేసిన సాధు మెహర్‌కు, లక్ష్మిగా వేసిన షబానా అజ్మీకి ఇద్దరికీ జాతీయ అవార్డులొచ్చాయి. నటనలో లోపం వెతకడం లేదు. మాట్లాడని మనిషి మీద కెమెరా జాలి చూపిస్తుంది, మనమూ చూపిస్తాం. జాలి చూపించాలంటే ముందు కాస్త ఎత్తులో నిలబడాలి. ఆ ఎత్తు మనకు కెమెరా ఇస్తుంది.

ఎర్ర తెర

ఇప్పుడు ఆ రాయి సంగతి. 1974 నాటికి నక్సల్బరీ జరిగి ఏడేళ్లు. శ్రీకాకుళం పోరాటాన్ని అణిచేసి నాలుగైదేళ్లు. తెలంగాణ సాయుధ పోరాటం జ్ఞాపకం ఆ నేలలో ఇంకా పచ్చిగానే ఉంది. తెర ఎర్రబడగానే హాల్లో ఉన్నవాడికి ఆ ఎరుపు ఎక్కడిదో అర్థమవుతుంది. ‘అంకురం’ మొలకెత్తిందని అర్థమవుతుంది.

ఆ రాయి విసిరిన పిల్లవాడెవరు? పేరు లేదు. ఇల్లు లేదు. ఏ కులమో తెలియదు. రేపటికి ప్రతీక అంతే. లక్ష్మికి శాపం పెట్టే గొంతు దొరికింది కానీ రాయి ఆమె చేతికి దొరకలేదు. ఆమె కడుపులో ఉన్న బిడ్డకు బదులు పక్కన ఎవరో పిల్లవాడు విసిరాడు. ఇంకో సంగతి గమనించండి. ఆ రాయి వెళ్తుంటే ప్రేక్షకుడు ఎక్కడున్నాడు? క్షేమంగా పక్కన ఉన్నాడు. గాజు పగిలేది సూర్యది, మనది కాదు. ఇంకా చెప్పాలంటే మనం ఆ పిల్లవాడి జట్టులో చేరిపోతాం, చప్పట్లు కొట్టి ఇంటికి పోతాం. ఊళ్లో భూములున్న ప్రేక్షకుడు కూడా ఆ ఒక్క నిమిషం విప్లవకారుడైపోతాడు. అంత సులువుగా మనల్ని పీడితుల పక్షాన నిలబెట్టే సినిమా మీద మనకు కొంచెం అనుమానం ఉండాలి.

1985 జూలైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు. ఆ రెండు ఊళ్లూ తెలుగునాట ఈ సౌకర్యాన్ని పగలగొట్టాయి. భూమీ కూలీ లెక్కలతో సరిపోని ద్వేషం ఒకటుందని, దాని పేరు కులమని, మన కథ మనమే చెప్పుకోవాలని దళిత ఉద్యమం అన్నది అప్పుడే. కవిత్వంలో ఆ పని తొందరగా జరిగింది. కవికి కాగితం, కలం చాలు. సినిమాకు కోట్లు కావాలి, హాళ్లు కావాలి, అవన్నీ కొన్ని కుటుంబాల చేతుల్లో ఉన్నాయి. అందుకే సినిమాలో ఆ గొంతు వినిపించడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది, అదీ ముందు మరాఠీలో.

పంది అనే మాట

‘ఫాండ్రీ’ అంటే కైకాడి భాషలో పంది. ఆ మాట తెలుగువాడి చెవికి పరాయిది కాదు. ‘పంది’ అందులోనే వినిపిస్తుంది. కైకాడీలు మన ఎరుకలవాళ్లకు దగ్గరి చుట్టాలు. బుట్టలల్లడం, పందులు పెంచడం, ఊరికి దూరంగా బతకడం రెండు చోట్లా ఒకటే. 1871 నేరస్థ తెగల చట్టం ఇట్లాంటి కులాలను పుట్టుకతోనే దొంగలన్నది. మన దగ్గర స్టువర్టుపురం ఆ చట్టం కట్టిన ఊరే. చట్టం 1952లో పోయింది. మచ్చ పోలేదు. కాగితాల్లో ఈ చుట్టరికం ముక్కలైంది. ఎరుకలవాళ్లు తెలుగు రాష్ట్రాల్లో షెడ్యూల్డు తెగ. కైకాడీలు విదర్భలో షెడ్యూల్డు కులం, మిగతా మహారాష్ట్రలో విముక్త జాతి. బుట్ట ఒకటే, జాబితాలు మూడు.

మంజుళే షోలాపూర్ జిల్లా కర్మాళా ప్రాంతపు వాడు. వడార్ కులస్థుడు, అంటే మన వడ్డెర. మహారాష్ట్ర వడార్ల ఇంటిభాష తెలుగు కొమ్మే. తరతరాలుగా రాళ్లు కొట్టి, బావులు తవ్వి బతికిన కులం. రాళ్లు కొట్టే కులంనుంచి వచ్చిన మనిషి తన మొదటి సినిమాను రాయితో ముగించాడన్నది యాదృచ్ఛికమే కావచ్చు. నాకు మాత్రం అట్లా అనిపించదు.

కథ అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) దగ్గరి అకోల్నేర్ అనే ఊళ్లోది. జబ్యా అనే జాంబువంత్ మానే బడికి పోయే పిల్లవాడు. తరగతిలో శాలూ అనే అగ్రకులపు అమ్మాయంటే ఇష్టం. ఆమెతో ఒక్క మాటా మాట్లాడడు. నల్లపిచ్చుకను పట్టి కాల్చి ఆ బూడిద చల్లితే అమ్మాయి ప్రేమిస్తుందని నమ్మి ఉండేలు పట్టుకుని చెట్లెంట తిరుగుతుంటాడు. జీన్సు ప్యాంటు కొనుక్కుందామని సైకిలు మీద ఐసు అమ్ముతాడు, ఆ సైకిలు లారీ కింద నలిగిపోతుంది. తండ్రి కచ్రూ ఊరికి వెట్టి చేస్తాడు. కూతురి పెళ్లి దగ్గరపడింది, డబ్బు కావాలి. ఊరి జాతరలో పంది దూరిందని పెద్దలు అతనికి పందులు పట్టే పని చెప్తారు. అతను ఇల్లంతటినీ తీసుకుని పందుల వెంట పడతాడు. జబ్యా చదివే బడి ముందే.

పాత్రలు వేసినవాళ్లను చూడండి. తండ్రిగా వేసిన కిశోర్ కదమ్ పేరున్న నటుడు, కవి. జబ్యాగా వేసిన సోమనాథ్ అవఘడే అప్పటిదాకా సినిమా మొహం చూడని పల్లె పిల్లవాడు. అతనికి ఆ ఏడాది ఉత్తమ బాలనటుడిగా జాతీయ అవార్డు వచ్చింది. ఆ నల్లని మొహం మీద కెమెరా చాలాసేపు నిలుస్తుంది. అద్దంలో తన ముక్కు చూసుకుని సరిచేసుకునే పిల్లవాణ్ణి చూస్తే, వెండితెర ఇన్నాళ్లూ ఏ మొహాలను మొహాలుగా లెక్కపెట్టిందో గుర్తొస్తుంది.

‘అంకుర్’లో కింది మనుషుల్ని మనం దొర బంగళా వైపు నుంచి కలుస్తాం. సూర్య ఊళ్లోకొస్తే మనమూ అతని వెంట వస్తాం. ‘ఫాండ్రీ’లో మొదటి నుంచీ జబ్యా వెనకే నడుస్తాం, అతను చెట్టెక్కితే ఎక్కుతాం, దాక్కుంటే దాక్కుంటాం. సినిమాలో సగానికి పైగా ఇది ఒక ప్రేమకథ అనే అనుకుంటాం. పేదపిల్లవాడు, అందమైన అమ్మాయి, పిట్ట, జాతర. ఎన్ని సినిమాలు చూడలేదు! దర్శకుడు కావాలనే మనల్ని ఆ నమ్మకంలో ఉంచుతాడు. జాతరలో కొత్తబట్టలేసుకుని నాట్యం చేస్తున్న జబ్యా నెత్తిన దీపం పెట్టి నిలబెట్టినప్పుడు మొదటి దెబ్బ పడుతుంది. వెలుగు మోసేవాడి మొహం చీకట్లో ఉంటుంది. అందరూ ఆడుతుంటారు, వాడు కదలకూడదు.

చూసేవాళ్ల గోడ

పంది పట్టే ఘట్టం ఈ సినిమాకు గుండెకాయ. దాన్ని తీసిన పద్ధతి జాగ్రత్తగా చూడాలి.

బడి పక్క మైదానంలో తండ్రీ తల్లీ అక్కా జబ్యా పందుల వెంట పరుగెడుతుంటారు. బడిపిల్లలు, ఊరి కుర్రాళ్లు చేరి చూస్తుంటారు, ఆట చూసినట్టు. ఈలలు, వ్యాఖ్యానాలు, సెల్‌ఫోన్లో ఫొటోలు. సినిమా ఒకసారి పరుగెత్తేవాళ్లను చూపిస్తుంది, ఒకసారి చూసేవాళ్లను చూపిస్తుంది. మళ్లీ ఇటు, మళ్లీ అటు. ఇట్లా కోసి అతికించడంలోనే విషయముంది. పంది తప్పించుకోవడం, మనిషి జారిపడటం – నిజం చెప్పాలంటే అది నవ్వొచ్చే వ్యవహారమే. దర్శకుడు ఆ నవ్వును ఆపడు, రానిస్తాడు. మనకు నవ్వొచ్చిన క్షణానికే గోడ మీద నవ్వుతున్న వాళ్ల మొహాలు చూపిస్తాడు. ఆ మొహాల్లో శాలూ ఉంది. ఆమె కూడా నవ్వుతోంది. మనం ఎవరి పక్కన నిలబడ్డామో అప్పుడు తెలుస్తుంది.

జబ్యా మాత్రం పందికన్నా ఎక్కువగా ఆ కళ్లనుంచి తప్పించుకోవాలని చూస్తాడు. దాక్కుంటాడు. తండ్రి లాక్కొచ్చి కొడతాడు. ఆ తండ్రి క్రూరుడు కాదు. పెళ్లి డబ్బు, ఊరి మాట, కొడుకు సిగ్గు – మూడింటి మధ్యా ఇరుక్కుపోయిన మనిషి. తండ్రి సిగ్గుపడటం ఎప్పుడో మానేశాడు. కొడుకు బడికి పోయాడు కాబట్టి సిగ్గుపడటం నేర్చుకున్నాడు. చదువు మన పిల్లలకు మొదట ఇచ్చేది ఈ సిగ్గే. ఆ సిగ్గును కోపంగా మార్చేది ఇంకేదో కావాలి. ఆ ‘ఇంకేదో’ పేరు ఉద్యమం. సినిమాలో ఉద్యమం లేదు, ఒక పిల్లవాడి దగ్గర రాయి ఉంది.

గీతం, గోడ

పంది చేతికి చిక్కబోతుంది. సరిగ్గా అప్పుడు బడిలో జనగణమన మొదలవుతుంది. జబ్యా ఉన్నచోట ఉన్నట్టే నిటారుగా నిలబడిపోతాడు. ఇంటివాళ్లూ నిలబడతారు. పంది తన దారిన తాను పోతుంది. దానికి గీతం లేదు, దేశం లేదు.

మహారాష్ట్ర సినిమా హాళ్లలో ఆటకు ముందు జాతీయగీతం వేయాలన్న నియమం 2003లో వచ్చింది. అంటే అక్కడ టిక్కెట్టు కొని హాల్లో కూర్చున్నవాడు గంటన్నర కింద ఒకసారి లేచి నిలబడ్డాడు. ఇప్పుడు తెర మీద మళ్లీ అదే గీతం. లేవాలా, కూర్చోవాలా? లేస్తే జబ్యా కుటుంబంతో పాటు నిలబడ్డట్టు. కూర్చుంటే ఇంత సేపూ చేసిన పనే, చూస్తూ కూర్చోవడం, ఇంకాసేపు చేసినట్టు. ఒక్క మాట లేకుండా హాలునంతా ఇరకాటంలో పెట్టాడు. ఈ దేశం వాళ్లకు ఏమిచ్చిందని ప్రశ్న అడగలేదు. వాళ్లు మాత్రం దేశానికి ఇవ్వాల్సిన మర్యాద ఇస్తున్నారని చూపించాడంతే. పట్టిన పంది జారిపోయినా సరే. కూతురి పెళ్లి డబ్బు జారిపోయినా సరే.

ఆ తర్వాత పంది దొరుకుతుంది. కాళ్లు కట్టి, కర్రకు వేలాడదీసి మోసుకుపోతారు. వెనక బడిగోడ. గోడ మీద అంబేడ్కర్, సావిత్రీబాయి ఫూలే, గాడ్గేబాబా లాంటి మహనీయుల బొమ్మలు. ముందు పంది కదులుతూ పోతుంటుంది, వెనక బొమ్మలు ఒక్కొక్కటే దాటిపోతుంటాయి. సంగీతం ఊదరగొట్టదు, ఎవరూ ఏడవరు. ఇదే బడిలో అంతకుముందు పంతులు చోఖామేళా పద్యం పాఠం చెప్పాడు. పద్నాలుగో శతాబ్దపు మహర్ భక్తకవి పాఠ్యపుస్తకంలో ఉన్నాడు, అంబేడ్కర్ గోడ మీద ఉన్నాడు, పంది కైకాడి భుజం మీద ఉంది. మూడూ ఒక్క చోటే. ఎవరికీ ఎబ్బెట్టుగా లేదు.

ఈ దృశ్యం గురించి రాసినవాళ్లు కొందరు ‘రాజ్యం చేసిన ద్రోహం’ అని రాశారు. ఔను. కానీ మనకు కూడా ఇందులో వాటా ఉంది. ఏప్రిల్ 14న దండలు వేసే మనం, మన విగ్రహం పక్కనుంచే పంది మోసుకుపోయే ఎరుకలవాడు ఎవరో తెలుసుకున్నామా? మా హాస్టల్లో వెనక వరసలో కూర్చున్న పిల్లవాడి తండ్రి ఏం పని చేస్తాడో మా జయంతి కమిటీలో ఒక్కరికైనా తెలుసా? వర్గీకరణ కోసం 1994లో మాదిగ దండోరా లేచినప్పుడు ‘నిచ్చెనలో కిందున్నవాడి మాట వినండి’ అన్నదే దాని సారం. ఆ మాట మాదిగ దగ్గర ఆగిపోదు. కిందికి ఇంకా మెట్లున్నాయి.

నల్ల తెర

చివరికి ఊరి కుర్రాళ్లు ‘ఫాండ్రీ’ అని వెక్కిరిస్తూ వెంటపడతారు, అక్కను ఏడిపిస్తారు. జబ్యా ఆగుతాడు. వెనక్కి తిరుగుతాడు. సినిమా మొదటి నుంచీ పిట్టకు గురిపెట్టిన పిల్లవాడు ఇప్పుడు మనుషులకు గురిపెడతాడు. రాళ్లు విసురుతాడు. చివరి రాయి నేరుగా కెమెరా మీదికొస్తుంది. తెర నల్లబడుతుంది.

1974లో ఎరుపు, 2013లో నలుపు. ఎరుపు ఒక మాట ఇచ్చింది: రేపు వస్తుందని. నలుపు ఏ మాటా ఇవ్వదు. చూపును ఆపేస్తుంది. రెండు గంటలుగా చీకట్లో కూర్చుని, ఎవరికీ కనబడకుండా, ఒకడి అవమానాన్ని చూసి జాలిపడి నవ్వుకున్న మన కన్ను ఆ కెమెరా. దాన్నే కొట్టాడు. పేరులేని పిల్లవాడు కాదు, జాంబువంత్ కచ్రూ మానే. ఇంటిపేరుతో సహా తెలిసినవాడు. ఈసారి మనం చప్పట్లు కొట్టి అతని జట్టులో చేరే వీల్లేదు, ఎందుకంటే రాయి తగిలింది మనకే.

ఇది అతి అనుకునేవాళ్ల కోసం ఒక్క సంగతి. సినిమా విడుదలైంది 2014 ఫిబ్రవరిలో. ఏప్రిల్ 28న అదే అహ్మద్‌నగర్ జిల్లా ఖర్డా గ్రామంలో అగ్రకులపు అమ్మాయితో మాట్లాడాడని 17 ఏళ్ల దళిత విద్యార్థిని చంపేశారు. 2017 నవంబరులో నిందితులను కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. జబ్యా శాలూతో ఒక్క మాట కూడా ఎందుకు మాట్లాడలేదో అది చూస్తే తెలుస్తుంది.

మన తెర సంగతేమిటి? ఎరుకలవాళ్లను తెలుగు సినిమా రెండే రకాలుగా చూసింది. సోదె చెప్పే ఎరుకలసానిగా, లేదా స్టువర్టుపురం దొంగగా. 1991లో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ – ముప్పై రెండేళ్ల తేడాలో పెద్ద హీరోలొచ్చారు, ఖర్చు పెరిగింది. దొంగ అన్న ముద్ర పక్కన పెట్టి, బడికి పోయే ఎరుకలపిల్లవాడి కళ్లతో ఊరిని చూసిన ఒక్క సినిమా నాకు తెలుగులో కనబడలేదు. మరాఠీలో మంజుళే తీయగలిగాడు, తమిళంలో 2018లో మారి సెల్వరాజ్ ‘పరియేరుమ్ పెరుమాళ్’ తీయగలిగాడు. కెమెరా చేతికందిన ప్రతిచోటా చూపు మారింది. కథ మార్చినంత మాత్రాన మారలేదు.

చివరిగా ఉపాధ్యాయ మిత్రులకు, హాస్టళ్లలో పనిచేసే కార్యకర్తలకు ఒక మనవి. ఇట్లాంటి సినిమాలు తప్పకుండా వేయండి. కానీ నేను చేసిన పొరబాటు చేయకండి. దుప్పటి కట్టి, బొమ్మ ఆడించి, చివర్లో ‘ఈ సినిమా ఏం సందేశమిచ్చింది’ అని అడిగి ఇంటికి పోకండి. పంది ఘట్టం దగ్గర ఆపండి. ఎవరు నవ్వారు, ఎందుకు నవ్వారు అని అడగండి. మీరు నవ్వి ఉంటే ముందు మీరే ఒప్పుకోండి. ఆ గదిలో ఎవరైనా లేచి బయటికి పోవాల్సి వస్తుందేమో ముందే ఆలోచించండి. సినిమాలోని గోడ ఆ గదిలో కూడా లేస్తుంది. దాన్ని కట్టేది మన వరసలే.

లేచి వెళ్లిపోయిన ఆ అబ్బాయి చివరి దృశ్యం చూడలేదు. మర్నాడు నేనే చెప్పాను. జబ్యా తిరగబడ్డాడని, రాయి విసిరాడని, అది మేమందరం కూర్చున్న వైపే వచ్చిందని. వాడు శ్రద్ధగా విన్నాడు. కాసేపటికి అడిగాడు:

“తాకిందా సార్?”

తాకింది అని చెప్పలేకపోయాను. ఆ నవ్వు గురించి ఆ రాత్రి హాస్టల్లో ఎవరమూ మాట్లాడుకోలేదు మరి. తర్వాతి వారం అందరినీ మళ్లీ కూర్చోబెట్టి మాట్లాడాం. మూడు గంటలు పట్టింది. ఆ అబ్బాయి పేరెత్తలేదు, వాడూ ఏమీ మాట్లాడలేదు. ఈసారి మాత్రం లేచి వెళ్లలేదు.